డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పరీక్షకు చదవడం ఎలా: పెన్నుతో, గీతలతో

బీటెక్ చివరి ఏళ్లలోనో, ఎంటెక్, ఎంసీఏ కోర్సుల్లోనో డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (నెట్‌వర్క్‌తో కలిసి పనిచేసే అనేక కంప్యూటర్ల వ్యవస్థలు) పేపర్ ఎదురైనప్పుడు చాలామంది విద్యార్థులు దానిని ఆపరేటింగ్ సిస్టమ్స్‌కు కొనసాగింపుగా భావించి, నిర్వచనాలు, ప్రయోజనాలు, లోపాలు అని విడగొట్టుకుని బట్టీ పడతారు. మొదటి యూనిట్ వరకు ఆ పద్ధతి గట్టెక్కిస్తుంది గానీ, లాజికల్ క్లాకుల (ఘటనల క్రమాన్ని అంకెలతో గుర్తించే పద్ధతి) దగ్గరికి వచ్చేసరికి చతికిలపడుతుంది. అక్కడి నుంచి ప్రతి జవాబూ ఏ సందేశం ముందు బయలుదేరింది, ఏది ఆలస్యంగా చేరింది, మధ్యలో ఏ యంత్రం కూలింది అన్న వాటిని బట్టి మారుతూ ఉంటుంది కనుక, వల్లె వేసిన వాక్యం అక్కరకు రాదు. ఈ పేపర్‌ను చేత్తో చదవాలి. ఏ ఆల్గారిథమ్ తీసుకున్నా నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు చెప్పగలగాలి: అది ఏ షరతుల మీద పనిచేస్తుంది, ఏ వరుసలో నడుస్తుంది, మొత్తం ఎన్ని సందేశాలు ఖర్చవుతాయి, ఏది చెడితే ఆగిపోతుంది. కింద చెప్పిన పద్ధతి అంతా ఈ నాలుగు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. మీ చేతిలో మూడు వారాలు ఉన్నాయనుకుని రాస్తున్నాను.

ముందుగా కాగితాలు సమకూర్చుకోండి

నెల్లూరు జిల్లాలోని ఇంజినీరింగ్ కళాశాలలు చాలా వరకు అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలోకి, ప్రకాశం జిల్లాలోనివి కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలోకి వస్తాయి. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికి, స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలకు సిలబస్ వేరు. అందువల్ల ఒంగోలులో చదివే స్నేహితుడు ఇచ్చిన నోట్సు నెల్లూరులో చదివే మీకు యథాతథంగా సరిపోతుందని అనుకోకండి. యూనిట్ల విభజన కూడా మారిపోయి ఉండవచ్చు. మీ రెగ్యులేషన్ సిలబస్ ప్రతిని, అదే రెగ్యులేషన్‌లో జరిగిన పాత ప్రశ్నపత్రాలను, సప్లిమెంటరీ పత్రాలతో సహా, జిరాక్స్ తీయించుకోండి. ఫోన్‌లో ఉంటే చాలదా అని అడగవచ్చు. నవంబరు, డిసెంబరు నెలల్లో జరిగే సెమిస్టర్ పరీక్షలు మన తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలతో, వాయుగుండాలతో కలిసి వస్తాయి. కరెంటు పోయి, సిగ్నల్ కూడా పోయిన రాత్రి చేతిలో ఉన్న కాగితమే చదువుకు పనికి వస్తుంది.

చాలా రెగ్యులేషన్లలో చివరి పరీక్షకు 70 మార్కులు, ఇంటర్నల్స్‌కు 30 మార్కులు, అయిదు యూనిట్లు, ప్రతి యూనిట్ నుంచి ‘ఇది గానీ, అది గానీ’ అన్న ఎంపిక ఉంటాయి. ఈ ఎంపిక వల్ల ఒక ఆశ పుడుతుంది: ప్రతి యూనిట్‌లో సగం చదివితే చాలునన్న ఆశ. ఈ పేపర్‌లో అది ప్రమాదకరం, ఎందుకంటే యూనిట్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. లాంపోర్ట్ క్లాకు రానివారికి మూడో యూనిట్‌లోని మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ (ఒక వనరును ఒకేసారి ఒక్క యంత్రమే వాడేలా చూడడం) అర్థం కాదు. అది అర్థం కాకపోతే ఆ తరువాతి కన్సెన్సస్ (యంత్రాలన్నీ ఒకే నిర్ణయానికి రావడం) కూడా కొరుకుడు పడదు.

పాత పత్రాలు చేతికి రాగానే చదవడం మొదలుపెట్టకుండా, ఒక పూట కూర్చుని ప్రతి ప్రశ్న పక్కన ఒక గుర్తు వేయండి. బొమ్మ గీసి వివరించవలసిన ప్రశ్నకు ఒక గుర్తు, లెక్క కట్టవలసిన ప్రశ్నకు ఒకటి, ఉత్త వివరణ రాయవలసిన ప్రశ్నకు మరొకటి. మొదటి రెండు గుర్తులు ఎక్కడ గుంపుగా ఉన్నాయో మీ మూడు వారాల్లో రెండు వారాలు అక్కడే పెట్టాలి. వివరణ ప్రశ్నలు పోగొట్టుకునే మార్కులు కావు, కానీ వాటికి ఎంత రాసినా మూల్యాంకనం చేసేవారు ఇచ్చేది ఒక హద్దు వరకే. బొమ్మ, లెక్క సరిగ్గా ఉంటే మాత్రం మార్కులు కోయడానికి కారణం దొరకదు.

పాఠ్యపుస్తకం విషయంలో ఒక మాట. బజారులో దొరికే ఆల్ ఇన్ వన్‌లు ప్రశ్నల సరళి తెలుసుకోవడానికి పనికొస్తాయి గానీ, వాటిలో బాణాల బొమ్మలను గుడ్డిగా నమ్మవద్దు. వాన్ స్టీన్, టానెన్‌బామ్ రాసిన పాఠ్యపుస్తకం 2017 నాటి మూడో కూర్పు నుంచి రచయితల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతోంది కనుక, డబ్బు లేదన్న ఇబ్బంది ఇక్కడ లేదు. ఎన్‌పీటీఈఎల్‌లో కూడా ఈ విషయం మీద ఉచిత పాఠాలు ఉన్నాయి. వాటిని వరుసగా చూస్తూ పోకుండా, మీరు కాగితం మీద ప్రయత్నించి ఎక్కడ ఆగిపోయారో ఆ పాఠం మాత్రమే చూడండి.

మొదటి వారం: కాలం, దాని లెక్క

మొదటి యూనిట్‌లోని లక్షణాలు, ట్రాన్స్‌పరెన్సీ రకాలు, మిడిల్‌వేర్ వంటివాటికి రెండు రోజులు మించి ఇవ్వకండి. అక్కడ ఒక్క రిమోట్ ప్రొసీజర్ కాల్‌ను (వేరే యంత్రంలోని ఫంక్షన్‌ను పిలవడాన్ని) మాత్రం లోతుగా చదవండి. క్లయింట్ స్టబ్, సర్వర్ స్టబ్, మార్షలింగ్ అన్న బొమ్మ అందరూ గీస్తారు. జవాబు రాక సర్వర్‌ను మళ్లీ అడిగినప్పుడు ఏమవుతుందన్నది కొందరే రాస్తారు. ‘ఖాతాలో 500 రూపాయలు కలుపు’ అన్న పిలుపు రెండుసార్లు నడిస్తే వెయ్యి కలుస్తుంది. ‘ఖాతా నిల్వను 500 గా ఉంచు’ అన్న పిలుపు పదిసార్లు నడిచినా నష్టం లేదు. ఈ రెండో రకాన్నే ఐడెంపొటెంట్ అంటారు. కనీసం ఒకసారి, గరిష్ఠంగా ఒకసారి అన్న రెండు హామీల తేడాను ఈ ఉదాహరణతోనే వివరిస్తే అర పేజీలో జవాబు పూర్తవుతుంది.

ఇక అసలు పని. లెస్లీ లాంపోర్ట్ 1978లో ప్రచురించిన లాజికల్ క్లాకుల పద్ధతిని ఇప్పుడే కాగితం తీసుకుని నాతో పాటు గీయండి. కాగితం మీద అడ్డంగా మూడు గీతలు గీసి, పై గీతకు నెల్లూరు అని, మధ్య గీతకు కావలి అని, కింది గీతకు ఒంగోలు అని పేరు పెట్టండి. అవి మూడు ఊళ్లలో ఉన్న మూడు కంప్యూటర్లు. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. మూడింటి క్లాకులూ సున్నాతో మొదలవుతాయి. నియమాలు రెండే: తన దగ్గర ఏ ఘటన జరిగినా క్లాకును ఒకటి పెంచాలి, సందేశం అందినప్పుడు, తన అంకె, సందేశంతో వచ్చిన అంకె, ఈ రెంటిలో పెద్దదానికి ఒకటి కలపాలి.

నెల్లూరులో ఒక అంతర్గత ఘటన జరిగింది, దాని అంకె 1. తరువాత నెల్లూరు కావలికి సందేశం పంపింది, ఆ పంపిన ఘటన అంకె 2. ఈలోగా కావలిలో ఒక అంతర్గత ఘటన జరిగి అక్కడి అంకె 1 అయింది. సందేశం కావలికి అందినప్పుడు 1, 2 లలో పెద్దది 2, దానికి ఒకటి కలిపితే 3. కావలి వెంటనే ఒంగోలుకు మరో సందేశం పంపింది, అంకె 4. ఒంగోలులో అంతకు ముందే, ఎవరితోనూ సంబంధం లేకుండా, ఒక అంతర్గత ఘటన జరిగింది, అంకె 1. కావలి సందేశం అందాక ఒంగోలు అంకె 5.

ఇప్పుడు ఒంగోలులోని మొదటి ఘటనను, కావలి పంపిన ఘటనను పోల్చండి. ఒకదాని అంకె 1, రెండోదాని అంకె 4. అంకె చిన్నది కనుక ఒంగోలు ఘటన ముందు జరిగిందని చెప్పవచ్చునా? చెప్పకూడదు. ఆ రెంటి మధ్య సందేశం ఏదీ నడవలేదు, ఒకదాని ప్రభావం మరొకదాని మీద పడే దారి లేదు. కారణం ముందు, ఫలితం వెనుక అయినప్పుడు అంకెలు ఆ క్రమంలోనే ఉంటాయి. అంకెలు ఆ క్రమంలో ఉన్నంత మాత్రాన కారణ సంబంధం ఉన్నట్టు కాదు. పరీక్షలో లాంపోర్ట్ క్లాకు పరిమితి ఏమిటని అడిగేది దీని గురించే. చాలామంది ఇక్కడ ‘క్లాకు కచ్చితంగా ఉండదు’ అని నీళ్లు నమిలి వదిలేస్తారు.

అదే బొమ్మ మీద, మరో రంగు పెన్నుతో, వెక్టర్ క్లాకులు వేయండి. ఫిడ్జ్, మాటర్న్ 1988లో ఎవరికి వారు ప్రతిపాదించిన ఈ పద్ధతిలో ప్రతి యంత్రమూ మూడు అంకెల వరుసను మోస్తుంది: నెల్లూరుది, కావలిది, ఒంగోలుది. నెల్లూరు పంపిన ఘటన (2, 0, 0). కావలి అంతర్గత ఘటన (0, 1, 0), సందేశం అందాక (2, 2, 0), ఒంగోలుకు పంపినప్పుడు (2, 3, 0). ఒంగోలు అంతర్గత ఘటన (0, 0, 1), సందేశం అందాక (2, 3, 2). ఇప్పుడు (0, 0, 1) ని (2, 3, 0) తో పోల్చండి. మొదటి రెండు స్థానాల్లో ఒకటి చిన్నది, మూడో స్థానంలో అదే పెద్దది. కాబట్టి ఏదీ మరొకదాని కన్నా ముందు కాదు, రెండూ ఏకకాలికాలు. లాంపోర్ట్ అంకెలు దాచిన నిజాన్ని వెక్టర్ బయటపెట్టింది. ఈ రెండు రంగుల బొమ్మను మీ అంతట మీరు, సందేశాల దిశలు మార్చి, తడుముకోకుండా గీయగలిగేదాకా ముందుకు వెళ్లకండి.

భౌతిక గడియారాల సర్దుబాటు లెక్కలు దీనికన్నా సులువు. క్రిస్టియన్ పద్ధతిలో మీరు అడిగి జవాబు అందుకునేసరికి 20 మిల్లీసెకండ్లు పట్టితే, సర్వర్ చెప్పిన సమయానికి అందులో సగం, అంటే 10 మిల్లీసెకండ్లు కలుపుతారు. బర్క్‌లీ పద్ధతిలో సగటు తీస్తారు: ఒక యంత్రం 3:00, ఒకటి 3:10, ఒకటి 2:56 చూపిస్తుంటే, తేడాలు సున్నా, పది, మైనస్ నాలుగు, సగటు రెండు నిమిషాలు, అంటే అందరూ 3:02 కు రావాలి. మొదటిది రెండు నిమిషాలు ముందుకు, రెండోది ఎనిమిది నిమిషాలు వెనక్కు, మూడోది ఆరు నిమిషాలు ముందుకు జరగాలి. వెనక్కు జరగవలసిన గడియారాన్ని నిజంగా వెనక్కు తిప్పరు, నెమ్మదిగా నడిపిస్తారు. ఆ ఒక్క వాక్యం రాస్తే మీకు విషయం తెలుసని దిద్దేవారికి అర్థమవుతుంది.

గ్లోబల్ స్నాప్‌షాట్ (అన్ని యంత్రాల స్థితినీ, దారిలోని సందేశాలనూ కలిపి నమోదు చేయడం) కూడా ఈ వారంలోనే ముగించాలి. చాండీ, లాంపోర్ట్ 1985లో ఇచ్చిన ఆల్గారిథమ్‌కు ముందు రాయవలసిన షరతు: సందేశాలు పంపిన వరుసలోనే అందాలి, దారిలో పోకూడదు. నెల్లూరు ఖాతాలో 1000, ఒంగోలు ఖాతాలో 1000 ఉన్నాయనుకోండి. నెల్లూరు 200 పంపింది. దాని నిల్వ 800 అయింది. ఆ 200 ఇంకా దారిలో ఉంది. అదే సమయంలో ఒంగోలు స్నాప్‌షాట్ మొదలుపెట్టి, తన నిల్వ 1000 అని నమోదు చేసుకుని, నెల్లూరుకు మార్కర్ (స్నాప్‌షాట్ మొదలైందని తెలిపే గుర్తు సందేశం) పంపింది. మార్కర్ అందగానే నెల్లూరు తన 800 ను నమోదు చేసుకుని, ఒంగోలు నుంచి తనకు వచ్చే దారి ఖాళీ అని రాసుకుని, తన మార్కర్‌ను ఒంగోలుకు పంపింది. వరుస తప్పకూడదు కనుక ఆ మార్కర్ కన్నా ముందు 200 ఒంగోలుకు చేరుతుంది. స్నాప్‌షాట్ మొదలయ్యాక, మార్కర్ రాకముందు అందిన ఆ 200 ను దారిలో ఉన్న సొమ్ముగా నమోదు చేస్తారు. 800, 1000, 200 కలిపితే 2000. వరుస తప్పి మార్కర్ ముందు చేరి ఉంటే ఆ 200 ఏ లెక్కలోకీ రాకుండా మాయమయ్యేది. ‘ఏది చెడితే ఆగిపోతుంది’ అన్న నాలుగో ప్రశ్నకు జవాబు ఈ విధంగా రాయాలి.

రెండో వారం: సందేశాలు లెక్కపెట్టడం

మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్‌లో పోలిక ప్రశ్న దాదాపు ఖాయంగా ఎదురయ్యే రకం. సూత్రాలను వల్లె వేయడం కాక, ఆ అంకె ఎలా వచ్చిందో తెలుసుకోండి. మొత్తం ఎన్ యంత్రాలు ఉంటే, లాంపోర్ట్ ఆల్గారిథమ్‌లో మిగిలిన అందరికీ అభ్యర్థన, అందరి నుంచి జవాబు, చివరకు అందరికీ విడుదల సందేశం, కనుక 3(ఎన్–1). రికార్ట్, అగ్రవాల 1981లో విడుదలను జవాబులోనే కలిపేశారు: తనకు అవసరం ఉన్నంతసేపు జవాబును ఆపి ఉంచి, పని పూర్తయ్యాక ఇస్తారు. అందువల్ల 2(ఎన్–1). సుజుకి, కసామి టోకెన్ (అందరికీ కలిపి ఒకే ఒక అనుమతి చీటీ) పద్ధతిలో టోకెన్ తన దగ్గరే ఉంటే సున్నా, లేకపోతే అందరికీ అభ్యర్థనలు, తిరిగి ఒక టోకెన్, మొత్తం ఎన్. అయిదు యంత్రాలకు వరుసగా 12, 8, 5. మేకావా పద్ధతిలో అందరినీ అడగకుండా, సుమారు √ఎన్ మంది ఉన్న తన కోరం (అనుమతి ఇచ్చే చిన్న గుంపు) వారిని మాత్రమే అడుగుతారు. సందేశాలు తగ్గుతాయి గానీ డెడ్‌లాక్ (ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ అందరూ ఆగిపోవడం) వచ్చే అవకాశం నెత్తికెక్కుతుంది, దానిని తప్పించడానికి అదనపు సందేశాలు కావాలి.

రికార్ట్, అగ్రవాల పద్ధతిలో రెండు అభ్యర్థనలకు ఒకే లాంపోర్ట్ అంకె వస్తే ఏం చేయాలని అడుగుతారు. నెల్లూరు గుర్తింపు సంఖ్య 1, ఒంగోలుది 3 అనుకుంటే, నెల్లూరు అభ్యర్థన (3, 1), ఒంగోలు అభ్యర్థన (3, 3). అంకె సమానం కనుక గుర్తింపు సంఖ్య చిన్నదైన నెల్లూరు ముందు వెళుతుంది. ఒంగోలు నెల్లూరుకు వెంటనే జవాబు ఇస్తుంది. నెల్లూరు ఒంగోలు అభ్యర్థనను పక్కన పెట్టుకుంటుంది. బొమ్మలో పక్కన పెట్టిన జవాబును చుక్కల గీతతో చూపించండి.

కొత్త నాయకుడిని ఎంచుకునే ఎన్నికల ఆల్గారిథమ్‌లలో బుల్లీని (నడుస్తున్నవాటిలో పెద్ద సంఖ్య ఉన్నదే నాయకుడు) లెక్కతో సహా చేసి చూడండి. ఒకటి నుంచి ఆరు వరకు యంత్రాలు. నాయకుడైన ఆరు కూలింది. మూడు దానిని గమనించింది. మూడు నాలుగు, అయిదు, ఆరులకు ఎన్నిక సందేశం పంపుతుంది: మూడు సందేశాలు. నాలుగు, అయిదు సరేనని జవాబిస్తాయి: రెండు. నాలుగు అయిదుకు, ఆరుకు పంపుతుంది: రెండు, అయిదు జవాబిస్తుంది: ఒకటి. అయిదు ఆరుకు పంపుతుంది: ఒకటి, జవాబు రాదు. అయిదు తానే నాయకుడినని ఒకటి, రెండు, మూడు, నాలుగులకు ప్రకటిస్తుంది: నాలుగు. మొత్తం 13. దిద్దేవారు చూసేది ఆరుకు వెళ్లిన సందేశాలను మీరు లెక్కలో చేర్చారా లేదా అన్నది. జవాబు రాకపోయినా పంపిన సందేశం పంపినట్టే. రింగ్ మీద నడిచే చాంగ్, రాబర్ట్స్ పద్ధతికి గరిష్ఠం 3ఎన్–1 అని రాసేటప్పుడు, అది ఒక్క యంత్రమే ఎన్నికను మొదలుపెట్టినప్పటి మాట అని చేర్చండి.

డెడ్‌లాక్ పసిగట్టడం దగ్గర చాండీ, మిశ్రా, హాస్ పద్ధతి చాలు. మూడు అంకెల ప్రోబ్ (వెతికే సందేశం) బయలుదేరిన యంత్రానికే తిరిగి వస్తే చక్రం ఉన్నట్టు. మూడు నాలుగు వృత్తాలు, బాణాలు, బాణాల మీద ప్రోబ్ అంకెలు గీస్తే జవాబులో సగం పూర్తవుతుంది. కేంద్రీకృత పద్ధతిలో లేని డెడ్‌లాక్ ఎందుకు కనపడుతుందన్న ప్రశ్నకు, పాత సమాచారం ఆలస్యంగా చేరడమే కారణమని ఒక బొమ్మతో చూపండి.

మూడో వారం: ఒప్పందం, వైఫల్యం, నిల్వ

తప్పుడు వాక్యాలు ఎక్కువగా కనిపించేది ఈ భాగంలోనే. కాబట్టి ఇక్కడ షరతులను అక్షరం తేడా లేకుండా రాయడం నేర్చుకోవాలి. ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లో నిరూపించినది ‘డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్‌లో ఒప్పందం అసాధ్యం’ అని కాదు. సందేశాల ఆలస్యానికి హద్దు లేని అసింక్రనస్ వ్యవస్థలో, ఒక్క యంత్రం కూలే అవకాశం ఉన్నా సరే, తప్పనిసరిగా ముగుస్తుందని హామీ ఇవ్వగల డిటర్మినిస్టిక్ (యాదృచ్ఛికత వాడని) కన్సెన్సస్ ఆల్గారిథమ్ లేదని మాత్రమే. అసింక్రనస్, ఒక్కటి కూలడం, తప్పనిసరిగా ముగియడం, డిటర్మినిస్టిక్: ఈ నాలుగింటిలో ఏది వదిలినా వాక్యం తప్పు. టైమవుట్లు వాడే వ్యవస్థలు, యాదృచ్ఛికతను వాడే ఆల్గారిథమ్‌లు ఆచరణలో ఎలా పనిచేస్తున్నాయన్న అనుబంధ ప్రశ్నకు జవాబు కూడా ఆ షరతుల్లోనే దొరుకుతుంది.

క్యాప్ సిద్ధాంతం (కన్సిస్టెన్సీ అంటే అందరికీ ఒకే తాజా విలువ, అవైలబిలిటీ అంటే ప్రతిసారీ జవాబు, పార్టిషన్ టాలరెన్స్ అంటే నెట్‌వర్క్ తెగినా నడవడం) విషయంలోనూ అంతే. ఎరిక్ బ్రూయర్ 2000లో ప్రతిపాదించగా, గిల్బర్ట్, లించ్ 2002లో నిరూపించిన దీనిని ‘మూడింట్లో ఏవైనా రెండు ఎంచుకోవచ్చు’ అని రాయడం అలవాటైపోయింది. నెట్‌వర్క్ తెగిపోవడం మనం ఎంచుకునేది కాదు కదా! తుపాను దెబ్బకు కావలి, ఒంగోలు మధ్య కేబుల్ తెగితే, ఒంగోలులోని సర్వర్ తన దగ్గరున్న పాత విలువతోనైనా జవాబివ్వాలి, లేదా సరైన విలువ తెలిసేదాకా జవాబు నిరాకరించాలి. తెగినప్పుడు ఈ రెంటిలో ఒకటే సాధ్యమని రాయండి.

టూ ఫేజ్ కమిట్‌కు (అందరూ కమిట్ చేయాలి, లేదా అందరూ రద్దు చేయాలి అన్న పద్ధతికి) మళ్లీ మూడు గీతల బొమ్మే. కావలి బ్రాంచి నుంచి ఒంగోలు బ్రాంచికి సొమ్ము మార్పిడి జరగాలి, నెల్లూరు సమన్వయకర్త. మొదటి దశలో నెల్లూరు ఇద్దరినీ సిద్ధమా అని అడుగుతుంది. ఇద్దరూ తమ లాగ్‌లో డిస్కు మీద రాసుకున్నాకే సిద్ధమని ఓటు వేస్తారు. రెండో దశలో నెల్లూరు నిర్ణయం పంపుతుంది. ఇద్దరూ సిద్ధమని చెప్పిన తరువాత, నిర్ణయం పంపకముందే నెల్లూరు కూలిపోతే? కావలి తనంతట తాను కమిట్ చేయలేదు, రద్దు కూడా చేయలేదు. తాళాలు పట్టుకుని ఎదురుచూస్తూ ఉండిపోతుంది. దీనినే బ్లాకింగ్ అంటారు. ఈ క్షణాన్ని బొమ్మలో నెల్లూరు గీత మీద ఒక ఇంటూ గుర్తుతో చూపి, ఆ తరువాత మిగిలిన ఇద్దరి గీతలను చుక్కలుగా పొడిగించండి. త్రీ ఫేజ్ కమిట్ ఎందుకు వచ్చిందన్నది ఆ బొమ్మ నుంచే మొదలుపెట్టి రాయవచ్చు. అయితే నెట్‌వర్క్ ముక్కలైతే అది కూడా సరిగా నిలవదన్న మాట మరవకండి.

సంఖ్యల విషయంలో రెండు హద్దులు కలగాపులగం చేయకండి. యంత్రాలు కూలిపోవడమే తప్ప అబద్ధం చెప్పవనుకుంటే, ఎఫ్ యంత్రాల నష్టాన్ని తట్టుకోవడానికి 2ఎఫ్+1 చాలు. రాఫ్ట్, పాక్సోస్ వంటి కన్సెన్సస్ ఆల్గారిథమ్‌లు ఇలా పనిచేస్తాయి. అయిదు సర్వర్లు ఉంటే మెజారిటీ మూడు, రెండు కూలినా నడుస్తుంది. నాలుగు సర్వర్లు ఉంటే? మెజారిటీ మళ్లీ మూడే కనుక ఒక్కటి కూలడాన్ని మాత్రమే తట్టుకుంటుంది. మూడు సర్వర్ల కన్నా లాభమేమీ లేదు. వైవాకు బాగా పనికివచ్చే ప్రశ్న ఇది. యంత్రాలు ఒకదానికొకటి అబద్ధాలు చెప్పే బైజాంటైన్ పరిస్థితిలో, సంతకం లేని సందేశాలకు, 3ఎఫ్+1 కావాలి. యంత్రాలను ఒక సేనాని, ఇద్దరు సైనికాధికారులు అనుకుంటే, ఆ ముగ్గురిలో ఒకడు ద్రోహి అయితే ఒప్పందం ఎందుకు కుదరదో రెండు త్రికోణాలు పక్కపక్కన గీసి చూపండి: ఒకదానిలో సేనాని ద్రోహి, మరొకదానిలో తోటి సైనికాధికారి ద్రోహి. నిజాయతీగా ఉన్న మూడోవాడికి రెండు బొమ్మల్లోనూ ఒకే రెండు మాటలు వినిపిస్తాయి, తేడా పట్టే దారి లేదు. లాంపోర్ట్, షోస్టాక్, పీస్ 1982 వ్యాసం సారాంశం ఆ రెండు త్రికోణాల్లో ఉంది.

రెప్లికేషన్ (ఒకే డేటాకు అనేక ప్రతులు ఉంచడం), కన్సిస్టెన్సీ మోడళ్లకు (ఆ ప్రతుల నుంచి ఏ విలువలు కనిపించవచ్చో చెప్పే నియమాలకు) నిర్వచనాలు కావాలి గానీ, ప్రతిదానికీ ‘ఇది ఒప్పుకునే క్రమం, ఒప్పుకోని క్రమం’ అని రెండు చిన్న పట్టికలు రాసి పెట్టుకోండి. ఫైల్ వ్యవస్థల్లో ఎన్‌ఎఫ్‌ఎస్, ఏఎఫ్‌ఎస్‌ల పోలిక, గూగుల్ ఫైల్ సిస్టమ్, హడూప్ వంటివి చదవడానికి ఒక రోజు చాలు. హడూప్ ఫైల్ వ్యవస్థ అయిన హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో డిఫాల్ట్ బ్లాక్ 128 ఎంబీ, ప్రతి బ్లాక్‌కు మూడు ప్రతులు. ఒక జీబీ ఫైల్‌కు 8 బ్లాకులు, 24 ప్రతులు, 3 జీబీ చోటు. ఇలాంటి చిన్న లెక్క ఒకటి జవాబులో ఉంటే వివరణకు ప్రాణం వస్తుంది.

ప్రయాణంలో, ల్యాబ్‌లో

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి నెల్లూరుకు, కనిగిరి, పొదిలి వైపు నుంచి ఒంగోలుకు రోజూ బస్సులో వచ్చే విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఊగే బస్సులో బొమ్మలు గీయడం కుదరదు; ఆ సమయాన్ని రెండు మార్కుల ప్రశ్నలకు కేటాయించండి. చిన్న కార్డు ముక్కకు ఒక వైపు ఆల్గారిథమ్ పేరు, మరో వైపు షరతు, సందేశాల సంఖ్య, బలహీనత రాసుకుంటే, ఒక్కొక్కటీ తీసి వెనుక వైపు చూడకుండా చెప్పుకోవచ్చు. పక్కన తోడు ఉంటే ఇంకా మేలు. ‘అది కాదు’ అని ఎదురుచెప్పే స్నేహితుడు దొరికితే వదలకండి.

ల్యాబ్‌లో గానీ ఇంట్లో గానీ లాప్‌టాప్ అందుబాటులో ఉంటే, మూడు టెర్మినల్ విండోలు తెరిచి, పైథాన్ సాకెట్లతో మూడు పోర్టుల మీద మూడు ప్రాసెస్‌లు నడిపించి, లాంపోర్ట్ అంకెలను తెర మీద ముద్రించి చూడండి. ప్రోగ్రామ్ పెద్దదేమీ కాదు. తరువాత ఒక విండోను మధ్యలో మూసేయండి. మిగిలిన రెండూ దానికోసం ఎదురుచూస్తూ ఆగిపోతాయో, ఎర్రర్ చూపుతాయో కళ్లారా చూశాక, వైఫల్యం గురించిన జవాబు రాయడానికి ఎవరి నోట్సూ అవసరం ఉండదు.

పరీక్ష హాల్లో

మూడు గంటలు, అంటే 180 నిమిషాలు, 70 మార్కులకు. మార్కుకు రెండున్నర నిమిషాల చొప్పున వేసుకుంటే 175 నిమిషాలు. పది మార్కుల ప్రశ్నకు 25 నిమిషాలు దాటకూడదు. ఈ పేపర్‌లో సమయాన్ని మింగేవి మొదటి యూనిట్ వివరణలు. తెలిసిన విషయం కనుక చేయి ఆగదు, రెండు పేజీలకు బదులు అయిదు పేజీలు రాసేస్తారు. అందుకని లెక్కలు, బొమ్మలు ఉన్న ప్రశ్నలను ముందు రాసి, వివరణలను చివరకు ఉంచండి.

ప్రతి ఆల్గారిథమ్ జవాబు మొదటి వాక్యంలో షరతులు రాయండి, ఆ తరువాతే బొమ్మ గీయండి. బొమ్మకు కనీసం అర పేజీ వదలండి, స్కేలు వాడండి, ప్రతి బాణానికీ సంఖ్య ఇవ్వండి. కింది వివరణలో ‘3వ సందేశం అందగానే’ అని ఆ సంఖ్యతోనే పిలిస్తే, దిద్దేవారి వేలు బొమ్మకూ వాక్యానికీ మధ్య తడబడదు. చివర సందేశాల లెక్కను విడిగా ఒక గీత కింద రాయండి. ప్రశ్నలో అంకెలు ఇవ్వకపోతే మీరే మూడు యంత్రాలు అనుకుని మొదలుపెట్టండి. నాలుగు అనుకుంటే బొమ్మ చిందరవందర అవుతుంది.

వేసవి సెమిస్టర్‌లో ఎండకు, శీతాకాలపు సెమిస్టర్‌లో వానకు బస్సులు, రైళ్లు ఆలస్యం కావడం మనకు కొత్త కాదు కనుక, పరీక్ష రోజు ఒక బస్సు ముందే ఎక్కండి. హాల్‌టికెట్టుతో పాటు రెండు పెన్నులు, ఒక పెన్సిలు, స్కేలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి.

చివరి అయిదు నిమిషాలు జవాబులు చదవడానికి చాలవు. బొమ్మలు మాత్రం చూసుకోండి. ప్రతి బాణం ఎడమ నుంచి కుడికే వాలి ఉండాలి, నిటారుగా గానీ వెనక్కు గానీ కాదు. బాణం మొన దగ్గరి లాంపోర్ట్ అంకె దాని మొదలు దగ్గరి అంకె కన్నా పెద్దదై ఉండాలి. ఒకే గీత మీద అంకెలు ఎక్కడా తగ్గకూడదు. ఎక్కడైనా తగ్గినట్టు కనిపిస్తే, దానికి ముందున్న బాణం దగ్గరే పెద్దదాన్ని ఎంచడం మరిచి ఉంటారు. అక్కడి నుంచి కుడివైపు అంకెలన్నీ ఒకసారి సరిచేసి, కొట్టివేత శుభ్రంగా కనిపించేలా చూసుకుని, అప్పుడు పత్రం ఇవ్వండి.